ఫొటో ఉండగా నూనె రంగులెందుకు? ఆయిల్ పోర్ట్రెయిట్ ఆకర్షణ వెనక కారణాలు

క్లుప్తంగా

పోలిక కుదరడమే గొప్ప అయితే ఆయిల్ పోర్ట్రెయిట్‌తో పని కెమెరా వచ్చిన రోజే తీరిపోవాలి. అలా జరగకపోవడానికి మొదటి కారణం, నూనెలో కలిపిన రంగు వెలుతురుతో నడుచుకునే తీరు. రెండోది, చిత్రకారుడు గంటల తరబడి చూసిన చూపంతా ఒక్క ముఖంలోకి చేరడం. ప్రింటు మీద జెల్ పూస్తే ఈ రెండూ రావు. ఫోన్ ఫొటో చూసి చేత్తో వేస్తే మొదటిది వస్తుంది, రెండోది చాలావరకు పోతుంది.

ఒకే పేరు, నాలుగు సరుకులు

“మీ ఫొటో వాట్సాప్‌లో పంపండి, వారంలో ఆయిల్ పెయింటింగ్ ఇంటికి వస్తుంది” అనే తరహా ప్రకటనలు హైదరాబాద్‌లో ఫోన్ వాడేవాళ్లకు కొత్తేమీ కాదు. పెళ్లిరోజు కానుకకో, నాన్నగారి సంవత్సరీకానికో ఒక పోర్ట్రెయిట్ చేయిద్దామని నలుగురిని ధర అడిగితే ఒకదానితో ఒకటి పొంతన లేని అంకెలు వినిపిస్తాయి. అందులో మోసమే ఉండాలని లేదు. ఒకరు అమ్మేది కాన్వాస్ మీద తీసిన ప్రింటు. ఇంకొకరు అదే ప్రింటు మీద పారదర్శకమైన జెల్ పూసి బ్రష్ గీతలు తేలేలా చేస్తారు. మూడోవారు ఫొటో ముందు పెట్టుకుని చేత్తో వేస్తారు. నాలుగోవారు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేస్తారు. బజారులో నాలుగింటికీ పేరు ఒక్కటే.

దీనికి ఇప్పుడు ఏఐ తోడైంది. 2018 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన క్రిస్టీస్ వేలంలో, అల్గారిథమ్ పుట్టించిన ఒక ఊహాజనిత వ్యక్తి చిత్తరువు 4,32,500 డాలర్లకు పోయింది. నిజానికి అది కాన్వాస్ మీద ఇంక్‌జెట్ ప్రింటు. చూడ్డానికి మాత్రం యూరప్ పాత తైలవర్ణ చిత్రంలా ఉంటుంది. ఇప్పుడు ఫోన్లో దొరికే యాప్‌లు కూడా ముఖాన్ని ‘కళాత్మకంగా’ మార్చమంటే తరచూ నూనె రంగుల వేషమే వేస్తాయి. ఇంతమంది అనుకరించాలని చూసే ఆ రూపంలో ఏముందో తెలియాలంటే ముందు నూనె దగ్గరికి వెళ్లాలి.

నూనె ఎలా గట్టిపడుతుంది

ఆయిల్ కలర్ అంటే రంగుపొడిని ఎక్కువగా అవిసె నూనెలో నూరి చేసిన ముద్ద. నీటి రంగుల్లో నీరు ఆవిరైపోతుంది, పొడి కాగితం మీద మిగులుతుంది. నూనె అలా ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి పొరగా మారుతుంది. ఎన్ని రోజులు తోమినా పోని, పాత ఇనప మూకుడు అంచున పట్టేసిన నూనె జిడ్డు కూడా దాదాపు ఇలాగే గట్టిపడుతుంది. ఆక్సిజన్ చేరడం వల్ల ఆరే దశలో రంగు పొర బరువు కాస్త పెరుగుతుంది కూడా.

ఇదంతా నెమ్మదిగా జరుగుతుంది. పలచటి పొర చేతికి అంటకుండా ఉండటానికే కొన్ని రోజులు పడుతుంది. అందులోనూ రంగు రంగుకీ తేడా. మాంగనీస్ ఉండే అంబర్ గోధుమ త్వరగా ఆరుతుంది, ఐవరీ బ్లాక్ సతాయిస్తుంది. పొర మీద పొర వేసేటప్పుడు కింది పొరల్లో నూనె తక్కువగా, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువగా ఉండాలన్నది చిత్రకారులు మొదట నేర్చుకునే నియమం. తలకిందులైతే పైపొర ముందు బిగుసుకుంటుంది, కింది పొర ఇంకా కదులుతూనే ఉంటుంది, చివరికి బొమ్మ పగుళ్లు తీస్తుంది. లోపలిదాకా గట్టిపడ్డాక వేసే చివరి వార్నిష్‌కు ఆరు నెలల నుంచి ఏడాది ఆగమని సంప్రదాయం చెబుతుంది.

తెలుగు ఇళ్లలో ఈ లెక్కకు ఒక విశేషముంది. మనిషి పోయాక పదకొండో రోజుకల్లా పెద్ద పటం కావాలని అడిగేవాళ్లు చాలామంది. ఆ గడువులో ఫొటో ఎన్లార్జ్‌మెంటో, ఫ్లెక్సో కుదురుతుంది గానీ పొరలు పొరలుగా వేసిన తైలవర్ణ చిత్రం కుదరదు. సంవత్సరీకం నాటికైతే బొమ్మ వేయడమూ పూర్తవుతుంది, వార్నిష్ వేళా దగ్గరపడుతుంది. వారంలో ఇస్తామన్న ‘ఆయిల్ పెయింటింగ్’ని కాస్త అనుమానంగా చూడాల్సింది కూడా ఇందుకే. ఒకే విడతలో తడి మీద తడిగా వేసే పద్ధతి లేకపోలేదు, మంచి చేతుల్లో అది గొప్పగానే ఉంటుంది. కానీ అలా వేయగలిగినవాళ్లు ఆ ధరకు దొరకరు.

ఆలస్యం వల్ల చిత్రకారుడికి దక్కేది వెసులుబాటు. యాక్రిలిక్ రంగు నిమిషాల్లో బిగుసుకుంటుంది. చెంప దగ్గరి వెలుగును దవడ నీడలోకి కలుపుతూ పోవాలంటే రంగు గంటల తరబడి మెత్తగా ఉండాలి. నిన్న వేసిన పెదవి ఇవాళ నచ్చకపోతే గుడ్డతో తుడిచేసి మళ్లీ వేయొచ్చు.

చర్మం మెరుపు ఎక్కడిది

గాలిలో వెళ్లే వెలుతురు ఒక పదార్థంలోకి దూరినప్పుడు ఎంత వంగుతుందో చెప్పే అంకెను వక్రీభవన గుణకం అంటారు. గాలికి అది 1, నూనెకు దాదాపు 1.5. రంగు రేణువులకు ఇంకా ఎక్కువ, టైటానియం తెలుపుకైతే 2.5 దాటుతుంది. పక్కపక్కన ఉన్న రెండు పదార్థాల మధ్య ఈ తేడా ఎక్కువైతే వెలుతురు ఆ హద్దు దగ్గరే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. ఆరిన పోస్టర్ కలర్‌లో రేణువుల చుట్టూ గాలి ఉంటుంది కాబట్టి పైపైనే చెదురుతుంది, రంగు సున్నం కొట్టినట్టు పేలవంగా కనిపిస్తుంది. నూనెలో రేణువు మునిగి ఉంటుంది, తేడా తగ్గుతుంది. వెలుతురు లోపలికి దిగి, కింది పొరల్ని తాకి, రంగు పట్టించుకుని బయటికి వస్తుంది.

మనిషి చర్మం కూడా ఇలాంటి పొరల వ్యవహారమే. వెలుతురు పైపొర దాటి లోపలికి పోయి, రక్తపు ఎరుపును కొంత పట్టుకుని వస్తుంది. అందుకే చెవి వెనక దీపం పెడితే చెవి ఎర్రగా వెలుగుతుంది. పలచటి పారదర్శక పొరల్ని ఒకదానిపై ఒకటి వేసే గ్లేజింగ్ పద్ధతి చర్మానికి నప్పడానికి కారణం ఈ సామ్యమే. మోనాలిసా ముఖంలోని నీడల్ని 2010లో ఎక్స్‌రే పద్ధతిలో కొలిచినప్పుడు గ్లేజ్ పొరల మందం గరిష్ఠంగా 30-40 మైక్రాన్లే తేలింది. అంటే వెంట్రుక మందంలో దాదాపు సగం.

చామనఛాయ, నలుపు ముఖాలకు నూనె రంగులు ఇంకా బాగా నప్పుతాయి. ముదురు రంగు మీద కాస్త వెలుతురు చెదిరినా బూడిద పూసినట్టు అవుతుంది. పోస్టర్ కలర్‌లో నల్లని చర్మం చప్పగా కనిపించడం ఎక్కువగా ఇందువల్లే. నూనెలో ముదురు గోధుమకు లోతు వస్తుంది. దాని మీద నుదుటి మెరుపు, కిటికీ వైపున్న చెంప మీద ఆకాశం నుంచి పడిన నీలి ఛాయ, కణత దగ్గరి ఊదా అన్నీ విడివిడిగా నిలబడతాయి. బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), అల్ట్రామెరైన్ నీలం, కాస్త క్రిమ్సన్ (ముదురు ఎరుపు) చేతిలో ఉంటే తెలుగు ముఖాల్లో చాలావాటికి ఒంటిరంగు కలపొచ్చు. “కాస్త తెల్లగా వేయండి” అని ఆర్డరిచ్చేవాళ్లు ఈ మాధ్యమం ఇవ్వగలిగిన దాన్నే వద్దనుకుంటున్నారన్నమాట. తెలుపు ఎక్కువ కలిసిన రంగులో వెలుతురు లోపలికి దిగదు, ముఖం పౌడరు అద్దినట్టు తేలుతుంది.

మంచి పోర్ట్రెయిట్‌ను పది అడుగుల దూరం నుంచి, తర్వాత జానెడు దూరం నుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. దూరం నుంచి జరీ అంచు కుట్టుతో సహా కనిపించినట్టుంటుంది. దగ్గరికి వెళ్తే అక్కడున్నది మూడు పసుపు గీతలు, వాటి మీద ఒక మందపాటి చుక్క. కంటిపాపలో మెరుపు ఒకే ఒక్క తెల్లటి ముద్ద, గదిలోని బల్బు వెలుగు దాని అంచు మీద నిజంగానే మెరుస్తుంటుంది. చెంపలో పచ్చ కనిపిస్తుంది, మెడ కింద కాన్వాస్ నేత కనిపిస్తుంది. వెలుగు పడే చోట రంగు మందంగా, నీడలో పలచగా వేయడంలో పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్‌ది అందెవేసిన చేయి. చూసేవాడు ముందుకీ వెనక్కీ నడుస్తూ బొమ్మను తన కళ్లలో మళ్లీ కట్టుకుంటాడు. ఫోన్ తెరకు ఈ నడక లేదు. ఎంత జూమ్ చేసినా అదే నున్నటి అద్దం.

చూపు వెంట వస్తుందన్న మాట

ఆయిల్ పోర్ట్రెయిట్లకు లేని మహిమ కూడా కొంత అంటగడతారు. మనం ఎటు జరిగినా బొమ్మలో మనిషి మనవైపే చూస్తున్నాడన్నది అందులో ఒకటి. ఇది కెమెరా వైపు చూస్తూ దిగిన ఏ ఫొటోలోనైనా జరుగుతుంది. నిజమైన తల చుట్టూ తిరిగితే రెండో చెవి కనిపిస్తుంది, కంటిపాప ఒక పక్కకు ఒరుగుతుంది. బల్లపరుపు బొమ్మలో ఆ మార్పు ఉండదు. కంటిపాప కన్ను మధ్యలో ఉంటే ఎక్కడి నుంచి చూసినా మధ్యలోనే ఉంటుంది.

ముఖాల్ని గుర్తించడంలో చురుగ్గా పనిచేసే భాగం మెదడులో ఒకటుందని 1997 నాటి పరిశోధనల నుంచి బాగా తెలుసు. దాన్ని ఫ్యూజిఫార్మ్ ఫేస్ ఏరియా అంటారు. ముఖం కనిపిస్తే చాలు, అది పని మొదలుపెడుతుంది. చిత్రకారుడు చేసేది దానికి కొంత సమాచారం ఇచ్చి కొంత దాచడం. కళ్లు పదునుగా, చెవులు అస్పష్టంగా, పెదవి మూలలు పొగమంచులో ఉన్నట్టు వదిలేస్తే ఆ ముఖంలో భావమేమిటో తేలక చూపు అక్కడే తిరుగుతుంది. తడిగా ఉండే రంగులో అంచుల్ని ఇలా కరిగించడం తేలిక.

హైదరాబాద్ గోడల మీదికి

నూనె రంగుల ఘనతను పదిహేనో శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు యాన్ వాన్ ఐక్‌కు కట్టబెట్టడం రివాజు. కానీ అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ గుహల్లో ఏడో శతాబ్దం నాటి బౌద్ధ చిత్రాల్లో ఆరే నూనెలు వాడినట్టు 2008లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాన్ ఐక్ చేసింది ఆ పద్ధతికి పదును పెట్టడం. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న, 1433 నాటి ఎర్ర తలపాగా మనిషి చిత్రం చూస్తే గడ్డం మొలకలు కూడా లెక్కపెట్టొచ్చనిపిస్తుంది.

దక్కన్‌లో అంతకుముందు ముఖచిత్రాలు లేవని కాదు. గోల్కొండ సుల్తానుల చిత్తరువులు, ఆ తర్వాత రెండో నిజాం కాలంలో వెంకటాచలం వంటి ఆస్థాన చిత్రకారులు వేసినవి ప్రపంచ మ్యూజియాల్లో ఉన్నాయి. అవి కాగితం మీద మందపాటి నీటి రంగులతో, ఎక్కువగా పక్క ముఖంతో, చేతిలోకి తీసుకుని చూసే పరిమాణంలో ఉండేవి. ఆల్బమ్‌లో పెట్టుకుని ఆప్తులకు చూపించుకునే బొమ్మలవి. తైలవర్ణ చిత్రం వచ్చి మనిషిని నిలువెత్తున గోడ మీద నిలబెట్టింది. అక్కడి నుంచి పోర్ట్రెయిట్ దర్బారు సామగ్రి అయింది. ఫలక్‌నుమా ప్యాలెస్ పాలరాతి మెట్ల వెంట గవర్నర్ జనరళ్ల చిత్తరువులు వరసగా ఉంటాయి. ఎక్కేవాడికి వాళ్లంతా పైనుంచి చూస్తున్నట్టే ఉంటుంది, ఆ ఏర్పాటు ఉద్దేశమూ అదే కావచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియంలో వ్యవస్థాపకుల గ్యాలరీ చూసినా ఆ హోదా భాష అర్థమవుతుంది. షేర్వానీ, పతకాలు, కుర్చీ చేయి మీద ఆన్చిన చేయి.

హైదరాబాద్ కథల్లో బాగా కదిలించే తైలవర్ణ చిత్రం మాత్రం హోదా గురించి కాదు. కోఠి మహిళా కళాశాలగా అందరికీ తెలిసిన రెసిడెన్సీ భవనాన్ని కట్టించిన బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్, ఖైరున్నీసా దంపతుల ఇద్దరు పిల్లల్ని 1805లో ఇంగ్లండ్ ఓడ ఎక్కించే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ చిత్రించాడు. ఐదేళ్లు నిండని పిల్లలు, హైదరాబాదీ దుస్తుల్లో. అదే ఏడాది తండ్రి పోయాడు. తల్లి పిల్లల్ని మళ్లీ చూడలేదు. ఇంగ్లండ్ చేరాక వాళ్ల పేర్లూ బట్టలూ మారిపోయాయి. వాళ్ల హైదరాబాదీ రూపం ఆ కాన్వాస్ మీదే నిలిచింది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి ఈ ఊరికి కెమెరా కూడా గట్టిగానే వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్, పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. పోలిక కావాలనుకున్నవాళ్లు అటు వెళ్లారు. అయినా తైలవర్ణ చిత్రం కనుమరుగు కాలేదు, దాని పని మారింది. పోలిక ఫొటోకు పోయింది, శాశ్వతత్వం, గౌరవం దీనికి మిగిలాయి. స్వతంత్ర భారతంలోనూ ఆ విభజన కొనసాగింది. పాత పార్లమెంటు భవనం సెంట్రల్ హాల్‌లో గాంధీజీ చిత్రం ఓస్వాల్డ్ బర్లీ వేసిన తైలవర్ణ చిత్రమే, 1947 ఆగస్టు 28న ఆవిష్కరించారు. కోర్టు హాళ్లలో, కాలేజీల్లో చిత్రపటావిష్కరణ అన్నప్పుడు నూనె రంగులకు ఇప్పటికీ దక్కే మర్యాద ఈ దారిలో వచ్చిందే.

ఫొటో చూసి వేస్తే ఏం పోతుంది

నేడు పోర్ట్రెయిట్ అంటే ఫొటో పంపడమే. పోయినవాళ్ల విషయంలో వేరే దారి లేదు. బతికున్నవాళ్లకూ అదే పద్ధతి కావడం వల్ల నష్టం ఎంతో తెలియాలంటే ఒక కొలత చాలు. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో ఒక వైద్య బృందం లెక్కగట్టింది. ఆ సెల్ఫీని గళ్లు గీసి కాన్వాస్ మీదికి యథాతథంగా ఎక్కిస్తే, వక్రీకరణ కూడా యథాతథంగా ఎక్కుతుంది. ఫోన్ ఫ్లాష్ ముఖంలో నీడల్ని చంపేస్తుంది. ముందు చెప్పుకున్న గ్లేజ్ పొరల పనంతా నీడల్లోనే కాబట్టి చిత్రకారుడికి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కుదురుగా ఉండదు. మొదటి గంటలో పోజు ఉంటుంది, రెండో గంటకు భుజాలు జారతాయి, మాటల్లో పడితే కళ్లు మారతాయి. చిత్రకారుడు వేసేది వీటన్నిటి కూడిక. లూసియన్ ఫ్రాయిడ్ 2002లో తోటి చిత్రకారుడు డేవిడ్ హాక్నీని వంద గంటలకు పైగా కూర్చోబెట్టాడు. వంద గంటలు మనకెవరికీ కుదరకపోవచ్చు. రెండు మూడు సిట్టింగులు, ఒక కిటికీ పక్కన పగటి వెలుతురులో తీసిన నాలుగైదు ఫొటోలు కలిపినా ఫలితం ఒక్క ఫొటో కంటే చాలా మెరుగ్గా ఉంటుంది. పెద్దవాళ్లు పోయాక పోర్ట్రెయిట్ చేయించే అలవాటు కంటే బతికుండగా కూర్చోబెట్టడమే తెలివైన పని. మన ఇళ్లలో దాన్ని అపశకునంగా చూసేవాళ్లూ ఉన్నారనుకోండి.

ప్రింటా, చేత్తో వేసిందా

ప్రింటుకు ఆయిల్ వేషం వేయడం ఇప్పటి తెలివి కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో మొదలుపెట్టిన ప్రెస్ నుంచి వచ్చిన లక్ష్మీ సరస్వతుల ఓలియోగ్రాఫులు రాతి అచ్చు మీద తీసిన ప్రింట్లే. నూనె చిత్రంలా కనిపించేందుకు ఓలియోగ్రాఫులకు వార్నిష్ పూయడం, కాన్వాస్ నేత అద్దడం కూడా ఉండేది. అయితే వాటిని చవకైన ప్రింట్లుగానే అమ్మారు, కొన్నవాళ్లకూ ఆ సంగతి తెలుసు.

ఇప్పుడు తేడా కనిపెట్టడానికి పది రూపాయల భూతద్దం, ఫోన్ టార్చ్ చాలు. భూతద్దంలో ప్రింటు సన్నని రంగు చుక్కలుగా విడిపోతుంది, చేత్తో వేసినదానిలో రంగు ఏకంగా ఉంటుంది. టార్చ్‌ను పక్క నుంచి, గోడకు ఆనించినట్టు వెలిగిస్తే బ్రష్ గీతలు తేలతాయి. ఆ గీతలు ముక్కు వంపును, జుట్టు పాయను అనుసరిస్తుంటే చేతి పని. బొమ్మతో సంబంధం లేకుండా ఎటుపడితే అటు తిరుగుతుంటే ప్రింటు మీద జెల్. కాన్వాస్ వెనక్కి తిప్పి చూడటం కూడా మంచిదే. అంచుల దగ్గర కారిన రంగు, చేతి ముద్రలు, కొత్తదైతే నూనె వాసన ఉంటాయి. వెనక తెల్లగా మెరిసిపోతూ, అంచు చుట్టూ బొమ్మే మడతపడి ఉంటే చాలావరకు ప్రింటే.

ఇంటికొచ్చాక

మన అలవాట్లు అద్దం వెనక ఉండే ఫొటోకు తగ్గట్టు ఏర్పడ్డాయి. ఆయిల్ పెయింటింగ్‌కు సాధారణంగా అద్దం ఉండదు. నుదుట గంధం, కుంకుమ పెడితే అవి నేరుగా వార్నిష్ మీదే కూర్చుంటాయి. తడి గుడ్డతో తుడిస్తే కుంకుమ రంగు పగుళ్లలోకి దిగుతుంది. తడి పూలదండ కాన్వాస్‌కు తగిలితే ఆ చోట చెమ్మ పట్టి తెల్లటి మచ్చ తేలుతుంది. అగరొత్తుల పొగ, దీపపు మసి ఏళ్ల తరబడి పేరుకుంటే ముఖం గోధుమరంగు తెర వెనక్కి వెళ్లిపోతుంది. పూజ తప్పదనుకుంటే దండను ఫ్రేము పై అంచుకే కట్టి, బొట్టు ఫ్రేము మీదే పెట్టడం నయం.

వానాకాలంలో కాన్వాస్ వదులై, ఎండాకాలంలో బిగుసుకుంటుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ ఎండకీ ఆగస్టు ముసురుకీ మధ్య తేడా ఎక్కువ కాబట్టి, వాన నీరు ఊరే బయటి గోడకు, బాత్రూమ్ పక్క గోడకు తగిలించకూడదు. అలాగని చీకటి గదిలో దాచడమూ పొరపాటే. అవిసె నూనె చీకట్లో పసుపెక్కుతుంది. మామూలు పగటి వెలుతురు తగిలితే ఆ పసుపు కొంత తగ్గుతుంది కూడా. నేరుగా ఎండ మాత్రం పడకూడదు.

బొమ్మ మీద హక్కు ఎవరిది

డబ్బిచ్చి చేయించుకున్న పోర్ట్రెయిట్ విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ మొదటి యజమాని చేయించుకున్న వ్యక్తేనని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. చిత్రకారుడు దాన్ని ప్రింట్లు తీసి అమ్మాలంటే అనుమతి కావాలి. చాలామంది చిత్రకారులు తమదే హక్కనుకుంటారు, చాలామంది ఖాతాదారులకు తమకు హక్కుందనే తెలియదు. అదే సమయంలో, బొమ్మ తాను వేసిందని చెప్పుకునే హక్కు, తన పేరు చెడేలా దాన్ని మారిస్తే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షన్ కింద చిత్రకారుడికి మిగిలే ఉంటాయి. కొన్న బొమ్మే కదా అని సంతకం చెరిపేసి, వేరొకరితో ముఖం రంగు మార్పిస్తే గొడవ కోర్టుదాకా వెళ్లొచ్చు. పోర్ట్రెయిట్‌కు ఆధారంగా పంపే ఫొటో ఏదో పత్రికదో, వేరే ఫొటోగ్రాఫర్‌దో అయితే దాని అనుమతి విడిగా తీసుకోవాలి.